వెనక మౌంట్లు వదిలేయమన్న మహానుభావుడికి

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై బోట్లు గట్టెక్కుతాయో లేదో, ఈ మెసేజ్ తిరగడం మొదలవుతుంది: "మెకానిక్ అక్కర్లేదు, ఇంజిన్ అలైన్‌మెంట్ అరగంటలో మీరే చేసుకోండి." అలైన్‌మెంట్ అంటే ఇంజిన్‌నీ, ఫ్యాను తిప్పే షాఫ్ట్‌నీ ఒకే గీతలోకి తేవడం. ఆ మెసేజ్ భైరవపాలెం నుంచి వచ్చింది, యానాం నుంచి వచ్చింది, చివరికి మా బావ కూడా పంపాడు. బావా, చదివే పంపావా?

"ఒడ్డునే మొత్తం పూర్తి చేసి దించండి." ఒడ్డున చేసేది ముతక పనే. నీళ్లలో పడ్డాక బోటు ఒళ్లు సర్దుకుంటుంది, చెక్క బోటయితే మరీను. డీజిల్ నింపి, ఒకట్రెండు రోజులు తేలనిచ్చి, అప్పుడు చూసిందే లెక్క.

"ఫీలర్ గేజ్ లేకపోతే హాక్సా బ్లేడు చాలు." ఫీలర్ గేజ్ అంటే సందు కొలిచే పలచటి రేకులు. బ్లేడు మందమే 0.6 మిల్లీమీటర్లు. గేర్‌బాక్స్‌నీ షాఫ్ట్‌నీ కలిపే నాలుగంగుళాల కప్లింగ్‌లో, రెండు ఫ్లాంజిల (పళ్లాల) మధ్య పైకీ కిందకీ సందు తేడా 0.1 దాటకూడదు. తర్వాతది.

"గ్లాండ్‌లో చుక్క పడకుండా బిగించండి." షాఫ్ట్ బోటు బయటికి పోయేచోట నీళ్లు ఆపేది ప్యాకింగ్ గ్లాండ్. దానికి షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు పడే ఆ చుక్కే చలవ. అది ఆపితే షాఫ్ట్ మీద గాడి పడుతుంది.

ఇక అసలు ఆణిముత్యం, ఇంజిన్‌ను మోసే రబ్బరు కాళ్ల (మౌంట్ల) గురించి: "వెనక మౌంట్లు చేతికి అందవు కాబట్టి వాటి జోలికి పోకండి, ముందు రెండింటితోనే సరిచేయండి." అందకపోతే అక్కర్లేదట! ఈ లెక్కన బోటు అడుగున నాచు కూడా గోకక్కర్లేదు, కనబడదుగా.

ముందు మౌంట్లు లేపితే ఇంజిన్ ముక్కు లేస్తుంది, కప్లింగ్ పైసందు తగ్గి కిందసందు పెరుగుతుంది. అంటే వాటితో మారేది ముఖ్యంగా వాలు. గేర్‌బాక్స్ పక్కనున్న వెనక రబ్బర్లు ఏళ్ల తరబడి నూనె తాగి కుంగిపోతే కప్లింగ్ మొత్తం కిందకి దిగుతుంది. అప్పుడు ముందు నట్లు తిప్పి నాలుగు పక్కలా సందు సమానం చేయొచ్చు, గేజ్ కూడా "భేష్" అంటుంది. కానీ రెండు ఫ్లాంజిల అంచుల మీద స్టీలు స్కేలు ఆనించండి, మెట్టు తగులుతుంది. ఆ మెట్టుతోనే బోల్టులు బిగిస్తే షాఫ్ట్ బలవంతంగా వంగి తిరుగుతుంది. బేరింగ్ ఒక పక్కే అరుగుతుంది, గ్లాండ్ కారుతుంది, గేర్‌బాక్స్ సీలు పోతుంది. బార (నది సముద్రంలో కలిసే మొగ) దాటాక ఇది తెలిస్తే ఫార్వర్డ్ చేసినవాడు వచ్చి లాక్కొస్తాడా? ముందు వెనక ఎత్తు, తర్వాతే ముందు వాలు.

"రబ్బరు కప్లింగ్ ఉంటే ఏ గొడవా లేదు" అని కూడా రాశాడు. అది కుదుపును మింగుతుంది, వంకరను కాదు.

తమాషా ఏంటంటే, అదే మెసేజ్ చివర్లో "పాత స్పానర్ పిడి కోసి, కాల్చి వంచితే అందని నట్లకు పనికొస్తుంది" అని ఉంది. బంగారం లాంటి మాట! మరి దాన్ని వెనక మౌంట్లకే వాడమనడానికి నోరు రాలేదు. ఓపెన్ స్పానర్ మూతి కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి, కొంచెం తిప్పడం, బోర్లించి మళ్లీ పట్టడం. ఇరుకులో అలాగే జరుగుతుంది. మౌంట్ ఎత్తు మార్చే నట్టుకు ఒక పక్క పెయింటు చుక్క పెట్టి, ఫోన్ కెమెరా లోపలికి దూర్చి లెక్కపెట్టుకోండి. మర పిచ్ (ఒక చుట్టుకు నట్టు కదిలే దూరం) 1.5 మిల్లీమీటర్లయితే ఆరు పలకల నట్టు ఒక్క పలక తిరిగితే పావు మిల్లీమీటరు. రెండు వెనక మౌంట్లూ సమానంగా తిప్పండి. పై నట్టు బిగించాక గేజ్ మళ్లీ పెట్టండి, ఆ బిగింపుకే ఇంజిన్ కదులుతుంది.