పంజరంలోని పక్షికి లగేజీ రుసుము

నేను చట్టానికి కట్టుబడి బతికే మనిషిని. బంధువులను రైలెక్కించడానికి వెళ్ళినా ప్లాట్‌ఫారం టికెట్టు కొంటాను. కొన్నదాన్ని పారేయకుండా ఇంటికి తెచ్చి తేదీల వారీగా దాచుకుంటాను. అటువంటి నేను సంక్రాంతి ముందు రోజుల్లో హౌరా నుంచి బోల్‌పుర్‌కు ప్యాసింజరు బండిలో వెళ్తూ కళ్ళారా చూసిన, చెవులారా విన్న ఉల్లంఘనలను ప్రజల దృష్టికి తీసుకురాకపోతే నాకు అన్నం సహించేలా లేదు. హౌరాకూ బోల్‌పుర్‌కూ మధ్య దూరం సుమారు 150 కిలోమీటర్లు. అంత తక్కువ దూరంలో అన్ని నేరాలు పట్టడం మామూలు సంగతి కాదు.

బర్ధమాన్ వరకు పరిస్థితి అదుపులోనే ఉంది. అదుపు అంటే బెంగాల్ రైళ్ళలో ఆ మాటకు ఉన్న అర్థంలో. ముగ్గురు కూర్చునే బల్ల మీద నలుగురం కూర్చున్నాం. నాలుగోవాడు వచ్చి "దాదా, కాస్త జరగండి" అంటాడు. ముగ్గురూ జరిగినట్టు నటిస్తారు. అతను కూర్చున్నట్టు నటిస్తాడు. ఒంట్లో సగం బల్ల మీద, సగం గాలిలో. ఎదుటి బల్ల మీద రోజూ ఇదే బండిలో పోయే ఉద్యోగులు నలుగురు మోకాళ్ళ మీద తువ్వాలు పరిచి పేకాడుతున్నారు. దువ్వెనలు, పెన్నులు, పిన్నీసులు, అజీర్తికి చూర్ణం వరసగా నా ముందు నుంచే ఊరేగింపుగా పోయాయి. ఝాల్‌ముడి మనిషి డబ్బాలో మరమరాలు పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరప, ఆవనూనె వేసి గిలకొట్టి, పొట్లం కట్టి, పైన కొబ్బరి ముక్క గుచ్చి ఇచ్చాడు. వీటిలో దేనికీ నేను అభ్యంతరం చెప్పలేదు. (ఝాల్‌ముడికి అభ్యంతరం చెప్పకపోవడమే కాదు, రెండు పొట్లాలు తిన్నాను. అది వేరే విచారణలో తేలవలసిన విషయం.)

బర్ధమాన్ తర్వాత ఖానా జంక్షన్ దగ్గర లూప్ లైను విడిపోతుంది. చట్టం తిన్నగా పోయే లైనులో పోయిందని, మేము లూప్ లైనులో పడ్డామని నాకు తర్వాత అర్థమైంది. గుస్కరాలో ఎక్కాడాయన. అతుకుల కాషాయపు అంగీ, తలపాగా, కాళ్ళకు గజ్జెలు, నడుముకు కట్టిన డుగ్గీ అనే చిన్న వాయిద్యం, చేతిలో ఒంటితీగ ఏక్‌తారా. "జయ్ గురు" అన్నాడు. బావుల్, అంటే తత్వాలు పాడుకుంటూ తిరిగే బెంగాలీ పాటగాడు. వెనకే శిష్యుడో సహచరుడో, దోతారా అనే తీగవాయిద్యంతో. దోతారా అంటే రెండు తీగలని అర్థం. నేను లెక్కపెట్టాను, నాలుగున్నాయి. అంటే రెండు తీగలు పేరులో చూపకుండా ప్రయాణిస్తున్నాయన్నమాట. మోసం అక్కడే మొదలైంది.

ఇక పాట. బెంగాలీ నాకు అంతంత మాత్రమే వచ్చు గాని, పక్కనున్న పెద్దమనిషి దయతో సారాంశం తెలిసింది. పంజరంలోకి ఎరగని పక్షి ఒకటి వచ్చి పోతూ ఉంటుందట. ఇది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కుష్టియా దగ్గర ఛెవురియాలో ఉండి 1890లో కన్నుమూసిన, బావుళ్ళ పాటలు కట్టిన లాలన్ ఫకీరు మాట. పక్షిని బండిలో తీసుకుపోవాలంటే ముందుగా బుక్ చేయించాలన్నది నియమం. ఈ పక్షికి బుకింగు లేదు. పైగా అది ఎప్పుడు ఎక్కుతుందో, ఎక్కడ దిగుతుందో యజమానికే తెలియదు. జనరల్ టికెట్టు మీద 35 కిలోల సామాను ఉచితంగా తీసుకుపోవచ్చు, నిజమే. అయితే తూకానికి అందని సామానుకు రుసుము ఎలా కట్టాలో ఆ పట్టికలో ఎక్కడా లేదు. లోపం పట్టికదే కావచ్చు. నేను మాత్రం పక్షినే అనుమానిస్తున్నాను.

అంతటితో ఆగలేదు. ఆ పక్షి ఉండే ఇంటికి ఎనిమిది గదులు, తొమ్మిది తలుపులట. ఏ మునిసిపాలిటీ ఒప్పుకుంటుంది? ఇక్కడ ఒక్క మాట మన తరఫున నిజాయతీగా ఒప్పుకోవాలి. తొమ్మిది తూట్ల తోలుతిత్తి అంటూ ఇదే అక్రమ నిర్మాణం గురించి మన తత్వాలు పాడేవాళ్ళు తంబుర మీటుకుంటూ ఊరూరా తిరిగారు. కాకపోతే మన హరిదాసుకు మర్యాద తెలుసు. ధనుర్మాసంలో తెల్లవారకముందే గుమ్మం ముందుకు వస్తాడు, నెత్తిమీది అక్షయపాత్రలో బియ్యం పోయించుకుని పోతాడు. రైలు పెట్టెలోకి రాడు. బావుల్ అలా కాదు. ఇళ్ళ ముందు వదిలేసిన వాళ్ళను పట్టుకోవడానికే రైలెక్కినట్టు, కిటికీ పక్కన ఇరుక్కుపోయి ఎటూ కదల్లేని మనిషి ముందు వచ్చి నిలబడి, "నువ్వెవరివి, ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి పోతావు" అని పాడతాడు. ఈ మూడు ప్రశ్నలూ అడిగే అధికారం టికెట్ కలెక్టరుది. యూనిఫాం లేకుండా ఆ విధులు నిర్వహించడాన్ని ఏమంటారో న్యాయవాదులే చెప్పాలి.

1989 నాటి రైల్వే చట్టం 144వ సెక్షను చూడండి. లైసెన్సు లేకుండా పెట్టెలో సరుకు అమ్మితే ఏడాది వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బండిలోగాని స్టేషన్‌లోగాని యాచించడాన్నీ అదే సెక్షను ఒప్పుకోదు. బావుల్ తన పనిని యాచన అనడు. మధూకరం అంటాడు. తేనెటీగ ఏ పువ్వునూ నలపకుండా చుక్క చుక్క పోగుచేసుకున్నట్టట. మన తాతల కాలంలో వేదపాఠశాల పిల్లలు జోలె పట్టుకుని మధూకరం ఎత్తేవారు కాబట్టి నాకీ మాట వెంటనే అర్థమైంది. చట్టానికి అర్థం కాలేదు. తేనెటీగలకు మినహాయింపు కోసం 144వ సెక్షను రెండుసార్లు చదివాను. లేదు.

అదే మనిషిని గురించి ఇంకో కాగితం ఉంది. బావుల్ పాటలు మానవాళి వారసత్వమని యునెస్కో 2005లో ప్రకటించింది, 2008లో జాబితాకెక్కించింది. అది బంగ్లాదేశ్ పేరున ఉన్న గుర్తింపు. గుస్కరాలో ఎక్కినాయన సరిహద్దుకు ఇవతలివాడు. కాబట్టి ఆయన గొంతులోని పాట వారసత్వం, పాట పట్టుకున్న చెయ్యి యాచన అని తేల్చుకోవాలి. ఆ పాటకు పాస్‌పోర్టు ఉందో లేదో ఎవరూ తనిఖీ చేసినట్టు లేదు. తూర్పు బెంగాల్ రైల్వే 1862లోనే కలకత్తా నుంచి కుష్టియా వరకు పట్టాలు వేసింది. లాలన్ ఆ తర్వాత 28 ఏళ్ళు బతికాడు. బండి కూత ఆయన చెవిన పడే ఉంటుంది. అప్పుడే ఎవరైనా వెళ్ళి నియమాలు వినిపించి ఉంటే ఈ రోజు నాకు ఈ బాధ ఉండేది కాదు.

ఆ కుష్టియా వైపే శిలాయిదహాలో గగన్ హర్కారా అని ఒక తపాలా మనిషి ఉండేవాడు. ఉత్తరాలు మోసుకుంటూ పాటలు కట్టేవాడు. ఆయన పాట బాణీని రవీంద్రనాథ్ ఠాగూర్ 1905లో తన పాటకు తీసుకున్నారు. ఆ పాటే బంగ్లాదేశ్ జాతీయగీతమైంది. ఆ బాణీ వినిపిస్తే ఒక దేశం మొత్తం లేచి నిలబడుతుంది. మా పెట్టెలో మాత్రం ఆ వంశపు పాట పాడేవాడు నిలబడి ఉన్నాడు, వినేవాళ్ళం కూర్చుని ఉన్నాం. నాలుగోవాడు తప్ప. అతను సగమే కూర్చున్నాడు కాబట్టి సగం గౌరవం ఇచ్చినట్టు లెక్క.

ప్రభుత్వం ఊరుకుందని కాదు. పశ్చిమ బెంగాల్‌లో లోక్‌ప్రసార్ ప్రకల్ప అని పథకం ఉంది. జానపద కళాకారులకు గుర్తింపు కార్డు, నెలకు వెయ్యి రూపాయలు ఇస్తారు. వెయ్యి రూపాయల సంగతి అలా ఉంచండి. కార్డును చూడండి. "నేనెవరిని" అని పుట్టినప్పటి నుంచి ఏక్‌తారా అరిగేలా అడిగిన మనిషికి ఒక గుమాస్తా ఒక్క పూటలో సమాధానం రాసి, ముద్ర వేసి, ప్లాస్టిక్ తొడుగులో పెట్టి చేతికిచ్చాడు. వందల ఏళ్ళ సాధన ఒక కౌంటర్ దగ్గర ముగిసింది. ఇకపై ఆ ప్రశ్న పాడటం కార్డును అవమానించడమే అవుతుందని నా అభిప్రాయం.

లాలన్‌కయితే కార్డు ఇవ్వడం కుదిరేది కాదు. ఆయన పుట్టుక హిందువులలోనా ముస్లింలలోనా అన్న తగువు పండితుల మధ్య ఇంకా తెగలేదు. ఆయన చెప్పలేదు. అడిగినవాళ్ళ మీద పాటలు కట్టాడు. చట్టం పక్షాన వాదిస్తున్న నాకు ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. రైలు రిజర్వేషన్ పత్రం చూడండి: పేరు, వయసు, ఆడా మగా, ఎక్కడి నుంచి ఎక్కడికి. కులం గడి లేదు, మతం గడి లేదు. పెళ్ళి సంబంధం నుంచి అద్దె ఇంటి దాకా అవి అడగని కాగితం మనకు ఎన్ని ఉన్నాయి? రైల్వే శాఖలో ఏ కాలంలోనో ఒక బావుల్ గుమాస్తాగా చొరబడ్డాడని నా అనుమానం. దీని మీద అంతర్గత విచారణ జరగాలి.

పరిష్కారం లేకపోలేదు. 2022 డిసెంబరు 30న హౌరా, న్యూ జల్పాయ్‌గుడి మధ్య వందే భారత్ మొదలైంది. అది బోల్‌పుర్‌లో ఆగుతుంది. వాటంతటవే మూసుకునే తలుపులు, తెరుచుకోని అద్దాలు. గుస్కరాలో ఎవరూ ఎక్కలేరు. ఆ బండిలో పక్షి లేదు, పంజరం మాత్రం చక్కగా చల్లగా ఉంటుంది. అందులోంచి దిగిన పర్యాటకులు నేరుగా రిసార్టుకు పోయి, శనివారం సోనాఝురి సంతలో చెట్ల కింద కూర్చోబెట్టిన బావుల్‌ను వీడియో తీసుకుంటారు. అదే పాట, అదే ఏక్‌తారా. అక్కడ నోటు ఇస్తే కళాపోషణ. గుస్కరాకూ బోల్‌పుర్‌కూ మధ్య ఇస్తే 144వ సెక్షను. ఇంత స్పష్టమైన విభజన ఉండగా ఈ బావుళ్ళు ప్యాసింజరు బండినే ఎందుకు పట్టుకు వేలాడుతున్నారు? సంక్రాంతికి అజయ్ నది ఒడ్డున కేందులిలో జయదేవ మేళా ఉంది, దానికి పోతున్నాడని పక్కాయన చెప్పాడు. పోతే పోనీ. పాడకుండా పోకూడదా?

1967లో పూర్ణదాస్, లక్ష్మణ్‌దాస్ అనే ఇద్దరు బావుళ్ళు అమెరికా గాయకుడు బాబ్ డిలాన్ ఆల్బమ్ అట్ట మీద ఆయనకు చెరో పక్కన నిలబడ్డారు. అమెరికా దాకా పోయిన వంశం. ఆ అట్ట మీద కూడా కూర్చోవడానికి బల్ల ఉన్నట్టు కనిపించదు. వీళ్ళకు నిలబడటం అలవాటనుకుంటాను.

సరే, బాధ్యత గల పౌరుడిగా నేను అక్కడికక్కడే ఫోను తీసి రైల్వే హెల్ప్‌లైను 139కి సంబంధించిన ఫిర్యాదు పేజీ తెరిచాను. ఫిర్యాదు దేని గురించి అని అడిగింది. నీళ్ళు, శుభ్రత, భద్రత, ఫ్యాన్లు, లైట్లు. ఆత్మ గురించి గడి లేదు. "ఇతరములు" ఎంచుకున్నాను. పక్షి సంగతి రాశాను. తొమ్మిది తలుపుల సంగతి రాశాను. మనసులోని మనిషి అని పాటలో ఇంకొకడు వస్తాడు, అతని పేరు చార్టులో లేదని రాశాను. అక్షరాల పరిమితి దాటిందంది. కుదించాను. ఆ తొందరలో బండి అజయ్ వంతెన మీద దడదడలాడడం వినిపించింది. తర్వాత బండి ఎక్కడో ఆగి చాలామంది దిగిన అలికిడి, పేకాట వాళ్ళు తువ్వాలు దులిపిన చప్పుడు విన్నాను. తల ఎత్తలేదు. మనసులోని మనిషిని రెండు వాక్యాల్లో వర్ణించడం మీరనుకున్నంత తేలిక కాదు.

తల ఎత్తేసరికి బోర్డు మీద "ప్రాంతిక్" అని ఉంది. బోల్‌పుర్ తర్వాతి స్టేషన్. నా టికెట్టు బోల్‌పుర్ వరకే. గబగబా దిగాను. ప్లాట్‌ఫారం మీద నల్లకోటు మనిషి ఉన్నాడు. చేయి చాపి అడిగాడు: ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి పోవాలి? నేను బోల్‌పుర్ పోవాలన్నాను. మరి ఇక్కడెందుకు ఉన్నారన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. అదనపు చార్జీ, 138వ సెక్షను ప్రకారం తక్కువలో తక్కువ 250 రూపాయలు, కట్టాను. రశీదు అడిగి తీసుకున్నాను. ఇంటికెళ్ళాక తేదీల వారీగా దాచాలి.

బయట ఒకే ఒక్క టోటో, అంటే బ్యాటరీ రిక్షా, బోల్‌పుర్ వైపు బయలుదేరబోతోంది. వెనక సీటులో ముగ్గురు నిండుగా ఉన్నారు. చివర్లో ఏక్‌తారా ఒళ్ళో పెట్టుకుని ఆయన.

"దాదా," అన్నాను, "కాస్త జరగండి."