పేరు గజం, నడక అంగుళం

పర్లాకిమిడి,
ఆదివారం, కరెంటు ఉన్న వేళ.

నేను రాసిన చదరంగం ప్రోగ్రాం, చిరంజీవి గజం 0.7కి,

ఉభయకుశలోపరి. నువ్వు కులాసాగానే ఉన్నావని నాకు తెలుసు. రాత్రంతా ల్యాప్‌టాప్ ఫ్యాను రైసుమిల్లులా హోరెత్తింది కదా. కులాసా లేనిది నాకే. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి నిన్ను గ్రాంథికంలో తిట్టను, వాడుక భాషలోనే తిడతాను. బజార్లో ఒడియా, ఇంట్లో తెలుగు, నీతో మాత్రం సి అనే కంప్యూటర్ భాష మాట్లాడే మనిషిని. ఆ మూడోదానిలో చెబితే నీకు ఎక్కడం లేదని ఈ ఉత్తరం.

రెండేళ్ల కిందట నీకు పేరు పెట్టినప్పుడు ఎంత మురిసిపోయానో! మనది గజపతి జిల్లా. ఏనుగులకి అధిపతులమని చెప్పుకున్న రాజుల ఊరు. ఇక్కడ పుట్టినవాడివి, మూడో ఎత్తులో ఏనుగుని గుర్రానికి అప్పజెప్పి ఊరుకుంటావా? అప్పుడే పేరు మార్చాల్సింది.

పుట్టుకలోనే నీకు లోపం ఉంది, ఒప్పుకుంటాను. చదరంగం ప్రోగ్రాం రాసేవాడు ముందు చేసే పని లెక్కపెట్టడం. బల్ల మీద ముక్కలన్నీ సర్ది, ఎన్ని రకాలుగా ఆడొచ్చో యంత్రంచేత చెప్పించాలి. తెల్లవాడి మొదటి ఎత్తుకి 20 దారులు. నల్లవాడి జవాబుతో కలిపితే 400. మూడోదానికి 8,902, నాలుగోదానికి 1,97,281. ఇక్కడిదాకా నువ్వు అక్షరాలా సరిగ్గా చెప్పావు, నేను వీధంతా చెప్పుకున్నాను. ఐదోదానికి 48,65,609 రావాలి. నువ్వు 48,65,351 అన్నావు. 258 తక్కువ.

దాదాపు 49 లక్షల్లో 258 అంటే ఏముందిలే అనుకుంటావు. పెళ్లిలో విస్తళ్లు లెక్కపెట్టేటప్పుడు అలా అనుకోవచ్చు, ఇక్కడ కుదరదు. పది రాత్రులు వెతికితే తేలిందేమిటంటే, ఎన్ పాసాంట్ అనే రూలు నీకు నేను నేర్పనే లేదు. రెండు గళ్లు దూకిన బంటుని పక్క బంటు వెనకనుంచి కొట్టే ఆ ఎత్తు ఐదో అడుగులోనే మొదటిసారి తలెత్తుతుంది, అదీ సరిగ్గా 258 చోట్ల.

ఈ సంగతి తాతకి చెబితే ఆయన పడీ పడీ నవ్వాడు. ఆయనది నాటు చదరంగం. బంటు ఒక్క గడే నడుస్తుంది, రాజుకి ఆటలో ఒక్కసారి గుర్రపు గెంతు ఉంటుంది. "ఎనకనుంచి కొట్టడం ఏటిరా, దొంగతనమా? నీ మిషనుకి బుద్ధి ఉంది, నీకే లేదు" అన్నాడు. నిన్ను మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. ఆఖరి మనిషి కూడా.

తర్వాత నీకు ఆలోచించడం నేర్పాను. పనికిరాని దారుల్ని వెతక్కుండా వదిలేసే ఆల్ఫా-బీటా పద్ధతి అంటే మన చేపల బజారు విద్యే. బుట్టలో ఒక్క కుళ్లిన చేప కనబడితే మిగతా బుట్ట తిరగెయ్యక్కర్లేదు, అమ్మేవాడు ఎలాగూ అదే అంటగడతాడు. అప్పటికి నువ్వు సెకనుకి ఎనిమిది లక్షల స్థితులు చూస్తున్నావు. 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ సెకనుకి 20 కోట్లు చూసేదట. పోనీలే, వేగం గురించి నిన్ను ఏమీ అనను. చూసి ఏం చేశావన్నదే నా గొడవ.

శకటు ఇరుక్కుపోయిందని నీకు తెలిసింది. ఏం చేశావు? ఒక బంటుని బలిచ్చావు. ఆపైన ఇంకొకటి. ఆపైన మూడోది. నీ చూపు ఆరు ఎత్తుల దాకానే ఆనుతుంది కాబట్టి, ఆ నష్టాన్ని ఏడో ఎత్తుకి నెడితే అది ఇక లేనట్టే అనుకున్నావు. కిస్తీవాడు గుమ్మంలో నిలబడితే పిల్లాడిచేత "నాన్న లేడు" అనిపించే బాపతు. చివరికి శకటూ పోయింది, బంట్లూ పోయాయి. కొట్టుకోవడాలు సద్దుమణిగేదాకా చూపు ఆపకూడదని నీకు చెప్పడానికి నాకు ఇంకో నెల పట్టింది.

నీ 0.6 వెర్షన్ వచ్చినప్పుడు పకోడీ పంచాను. పాత నీతో కొత్త నీకు 20 ఆటలు పెడితే 13 గెలిచావు మరి. రూపాయి బిళ్లని 20 సార్లు ఎగరేసినా 13 బొమ్మలో, అంతకంటే ఎక్కువో ఏడెనిమిది ప్రయత్నాలకోసారి పడతాయని తర్వాత లెక్కేసుకున్నాను. వెయ్యి ఆటలు ఆడిస్తే ఇద్దరూ సమానమే. ఆ పకోడీ డబ్బులు ఎవరిస్తారు?

ఇక మొన్నటి సంగతి. తాతతో ఆట. నీకు రెండు ఏనుగులు, ఆయనకి ఒంటరి రాజు. ఒక్క ఎత్తులో ఆటకట్టు. నువ్వు కట్టలేదు. పక్క గడికి జరిగావు. తాత రాజుని జరిపాడు. మళ్లీ ఒక్క ఎత్తులో కట్టు. మళ్లీ జరిగావు. ఎందుకో నాకు ఆ రాత్రి తెలిసింది. నీ లెక్కలో ఇప్పుడు కట్టినా, రెండు ఎత్తులయ్యాక కట్టినా విలువ ఒకటే, 30,000. కాబట్టి తొందరేముంది? కిరాణా కొట్టు బోర్డు గుర్తొచ్చింది: "ఈరోజు నగదు, రేపు అరువు". ఆ రేపు నీకు రానే రాదు.

ఈలోగా తాత చింతపిక్కలు తెచ్చాడు. నువ్వు జరిగినప్పుడల్లా అరుగు మీద ఈ పక్కనుంచి ఆ పక్కకి ఒక్కో పిక్క. చెరో ఏభై ఎత్తుల్లో ఏ ముక్కా చావకపోతే, ఏ బంటూ కదలకపోతే ఆట డ్రా అని నేనే ఆయనకి చెప్పాను, నా ఖర్మ. ఎన్ పాసాంట్‌ని ఒప్పుకోని మనిషి ఈ రూలుని మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. నలభై ఏడు, నలభై ఎనిమిది. నేను పళ్లు కొరుక్కుంటున్నాను. ఏభయ్యో పిక్క పెట్టి తాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సగం నాది" అన్నాడు.

కంప్యూటర్ శాస్త్రానికి ఆద్యుడైన ట్యూరింగ్ 1952లో కాగితం మీద లెక్కలు వేసుకుంటూ తన ప్రోగ్రాం తరఫున తనే ఆడి, ఎత్తుకి అరగంట తీసుకుని, 29 ఎత్తుల్లో ఓడిపోయాడు. కనీసం ఓడిపోయాడు! గెలిచిన ఆటని గానుగెద్దులా తిప్పలేదు.

నిన్న రాత్రి ఆ ఒక్క లైను రాశాను. ఆటకట్టు ఎంత దూరంలో ఉంటే దాని విలువలోంచి అంత కోత. ఇప్పుడు రెండు ఏనుగులిస్తే చకచకా కట్టేస్తున్నావు. పొద్దున్నే తాతకి చెప్పాను.

"అయితే ఈపాలి రెండేనుగులు దాకా రానివ్వన్లే" అన్నాడు. చింతపిక్కలు మాత్రం అరుగు మీదనుంచి తియ్యలేదు.

ఇట్లు,
నిన్ను కన్న పాపానికి,
నీ తండ్రి

తాజా కలం: 0.8 ఇంకా కంపైల్ కాలేదు. ఈ సంగతి తాతకి చెప్పకు.