ఆఖరి వారంలో కొట్టుకుపోతున్న చరిత్ర

ఏటా ఏప్రిల్ వచ్చిందంటే మా డాలస్ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. "సమ్మర్‌లో హిస్టరీ ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, ఎవరి క్లాసు ఈజీ?" జవాబులు కూడా ఏటా అవే. ఎస్సేలు రాయించని ప్రొఫెసర్ ఎవరు, పుస్తకం పక్కన పెట్టుకుని పరీక్ష రాసుకోనిచ్చేది ఎవరు, ఐదు వారాల్లో ఎక్కడ అయిపోతుంది. టెక్సాస్‌లో ప్రభుత్వ కాలేజీలో ఏ డిగ్రీ చేయాలన్నా అమెరికా చరిత్ర 6 క్రెడిట్లు చదివి తీరాలని చట్టం ఉంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకీ తప్పదు, నర్సింగ్ వాళ్లకీ తప్పదు. అందులో సగం కావాలంటే టెక్సాస్ చరిత్రతో పూర్తి చేసుకోవచ్చు. దాంతో హైస్కూల్లో ఉండగానే, కాలేజీ క్రెడిట్ కూడా కలిసొచ్చే డ్యూయల్ క్రెడిట్ కింద కొందరు, డిగ్రీ మధ్యలో వేసవి సెలవుల్లో కొందరు దీన్ని వదిలించుకుంటున్నారు. వదిలించుకోవడం అనే మాట నాది కాదు, మా గ్రూపుల్లో అందరూ వాడేదే.

నేనూ అలాగే చేరాను. హెచ్4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాతో పాటు వచ్చే వీసా మీద వచ్చి, కొన్నేళ్లు ఇంట్లోనే ఉండి, పని చేసుకునే కార్డు చేతికొచ్చాక అకౌంటింగ్ చదువుదామని కమ్యూనిటీ కాలేజీకి వెళితే ముందు హిస్టరీ పూర్తి చేయమన్నారు. పిల్లలు పడుకున్నాక, పొద్దున బాక్సులకి కూరగాయలు తరిగి ఫ్రిజ్‌లో పెట్టేసి, డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచేదాన్ని. పగటిపూట క్లాసుకి వెళ్లడం నాకు ఎలాగూ కుదిరేది కాదు, కాబట్టి ఆన్‌లైన్ చదువే దండగ అంటే నేను ఒప్పుకోను. నా ఫిర్యాదు వేరే.

ఇక్కడ అమెరికా చరిత్రను రెండు కోర్సులుగా కోశారు. 1301 అనే మొదటిది 1877 దాకా, 1302 అక్కడి నుంచి ఇప్పటిదాకా. మామూలు సెమిస్టర్‌లో 16 వారాలు చెప్పేదాన్ని వేసవిలో ఐదు వారాల్లో కుక్కేస్తారు. మా కోర్సులో వారానికి మూడు నాలుగు చాప్టర్లు, ప్రతి చాప్టర్‌కీ ఒక క్విజ్, బుధవారం లోపు డిస్కషన్ బోర్డులో ఒక పోస్టు, ఆదివారం రాత్రి 11:59 లోపు ఇంకో ఇద్దరి పోస్టులకు రిప్లై. ఆ రిప్లైలన్నీ "చాలా బాగా రాశారు, మీతో ఏకీభవిస్తున్నాను" అనే మొదలయ్యేవి, నావి కూడా. ఇప్పుడైతే మా అబ్బాయి చెప్పేదాన్ని బట్టి పోస్టూ చాట్‌బాటే రాస్తోంది, రిప్లై కూడా చాట్‌బాటే రాస్తోంది. పిల్లల్ని తిట్టి లాభం లేదు, ఎవరూ చదవరని తెలిసిన పోస్టు మీద ఎవరు మాత్రం గంట కూర్చుంటారు?

1877 దగ్గర కోయడానికి కారణం ఉంది. 1865లో అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది రాష్ట్రాలను మళ్లీ దేశంలో కలుపుకోవడానికి, విడుదలైన దాదాపు 40 లక్షల మంది బానిసలకు పౌరులుగా చోటివ్వడానికి జరిగిన ప్రయత్నాన్ని రీకన్‌స్ట్రక్షన్ అంటారు. 1876 అధ్యక్ష ఎన్నిక గొడవను రాజకీయ నాయకులు రాజీతో తేల్చుకున్నాక కేంద్ర సైన్యం దక్షిణాదిలో కాపలా మానేసింది, ఆ ప్రయత్నమూ అక్కడితో ఆగింది. అందుకని పుస్తకంలో గీత అక్కడ గీశారు. కానీ దానివల్ల జరిగేదేమిటంటే, రీకన్‌స్ట్రక్షన్ ఎప్పుడూ మొదటి కోర్సులో ఆఖరి చాప్టర్ అవుతుంది. ఐదు వారాల కోర్సులో ఆఖరి చాప్టర్ అంటే ఫైనల్ పరీక్షకు రెండు రోజుల ముందు, అందరూ టెన్షన్‌లో ఉండే టైమ్. మాకు దాని మీద వచ్చినవి ఐదు ప్రశ్నలు, అందులో ఒకటి అమెరికా రాజ్యాంగంలోని 13, 14, 15 సవరణలను జతపరచమని. జతపరిచాను, మార్కులన్నీ వచ్చాయి. ఆ 14వ సవరణలో ఏం రాసి ఉందో మాత్రం అప్పటికి ఒక్కసారి కూడా చదవలేదు.

2025 జనవరి 20న కొత్త ప్రభుత్వం వచ్చిన రోజే ఒక ఉత్తర్వు వచ్చింది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే, ఇక్కడ పుట్టే బిడ్డను ఇకమీదట పౌరుడిగా గుర్తించం అని. హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్న కుటుంబాలకు ఇది నేరుగా ఇంట్లోకి వచ్చిన వార్త. ఆ ఉత్తర్వు కోర్టులకెక్కింది. ఉత్తర్వు వచ్చిన రాత్రి మా గ్రూపుల్లో నిద్ర లేదు. ఏడో నెలలో ఉన్నవాళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు, ఇండియా నుంచి ఫోన్లు చేసే అమ్మమ్మలు. "ఈ 14వ సవరణ అంటున్నారు, అదేంటి?" అని అడిగిన ఇద్దరు ముగ్గురి పిల్లలు ఆ పాటికే ఈ కోర్సు "ఎ" గ్రేడ్‌తో పూర్తి చేసినవాళ్లే.

ఆ రోజు నేను పాత చాప్టర్ మళ్లీ తెరిచాను. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు, నల్లజాతివాళ్లు బానిసలైనా స్వేచ్ఛగా ఉన్నవాళ్లైనా ఈ దేశ పౌరులు కాలేరని తీర్పు చెప్పింది. అంత పెద్ద యుద్ధం జరిగాక, ఆ తీర్పు మళ్లీ ఎప్పటికీ లేవకుండా ఉండాలని 1868లో 14వ సవరణ తెచ్చి, ఈ నేల మీద పుట్టి ఈ దేశ అధికార పరిధికి లోబడిన ప్రతి ఒక్కరూ పౌరులే అని రాశారు. 30 ఏళ్ల తర్వాత అది ఒక వలస కుటుంబం బిడ్డకు పనికొచ్చింది. వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటమనిషి, శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టినవాడు, చైనాకు వెళ్లి 1895లో తిరిగొస్తే నువ్వు పౌరుడివి కాదంటూ దేశంలోకి రానివ్వలేదు. నెలల తరబడి రేవులో ఓడల మీదే ఉంచారు. అప్పటికి చైనావాళ్లు పౌరులుగా మారడానికే వీల్లేదు, అంటే అతని అమ్మానాన్నలకు ఆ దారి పూర్తిగా మూసుకుపోయి ఉంది. అయినా ఇక్కడ పుట్టాడు కాబట్టి పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు 6–2తో తేల్చింది. మన పిల్లల చేతిలో ఉన్న నీలం పాస్‌పోర్ట్ అక్కడి నుంచి వచ్చింది. విడుదలైన బానిసల కోసం రాసిన వాక్యం మీద, ఒక వంటమనిషి పోట్లాడి గెలిచిన తీర్పు మీద అది నిలబడి ఉంది. ఇల్లు కొనేటప్పుడు "ఆ ఏరియాలో నల్లవాళ్లు ఎక్కువంట" అని గొంతు తగ్గించి చెప్పుకునే మాట మన ఇళ్లలో ఎంత మామూలో నాకు తెలుసు. ఈ చాప్టర్ చదివినవాళ్లకు ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి రాదని నా నమ్మకం.

ఇంకో కాగితం సంగతి చెప్పాలి. మేమంతా బీచ్ కోసం వెళ్లే గాల్వెస్టన్‌లో 1865 జూన్ 19న జనరల్ గోర్డన్ గ్రేంజర్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు, జనరల్ ఆర్డర్ నంబర్ 3. లింకన్ విముక్తి ప్రకటన 1863 జనవరి 1న అమల్లోకి వచ్చినా టెక్సాస్‌లో దాన్ని అమలు చేసే సైన్యం అప్పటిదాకా రాలేదు. జూన్‌టీన్త్ అని ఇప్పుడు సెలవు ఇచ్చేది ఆ రోజుకే. క్విజ్‌లో తేదీ అడుగుతారు, అక్కడితో సరి. అసలు కాగితం ఆరేడు వాక్యాలు కూడా ఉండదు, చదవడానికి రెండు నిమిషాలు. బానిసలందరూ స్వతంత్రులు అంటుంది. యజమానికీ బానిసకూ ఇకనుంచి సమానమైన హక్కులు అంటుంది. వాళ్లిద్దరి మధ్య ఉండే సంబంధం ఇక పనిచ్చేవాడికీ కూలీకీ ఉండే సంబంధమే అంటుంది. ఆ వెంటనే, మీరున్న చోటే మారు మాట్లాడకుండా ఉండి కూలికి పని చేసుకోండి, సైనిక శిబిరాల దగ్గర గుమిగూడితే ఊరుకోం, పని చేయకుండా కూర్చుంటే పోషించం అని కూడా అంటుంది. స్వేచ్ఛ ఇచ్చిన నోటితోనే, అదే పూట, సోమరితనం గురించి హెచ్చరిక. తరతరాలుగా జీతం లేకుండా చాకిరీ చేసినవాళ్లకు! పాలేరు జీతాల గురించి, వెట్టి గురించి మన ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పగా విన్న ఎవరికైనా ఆ చివరి వాక్యాలు గుండెకు తగులుతాయి. తేదీ గుర్తుపెట్టుకున్న పిల్లాడికి అదేమీ అందదు.

(మా గుంటూరు పత్తికి కూడా ఈ యుద్ధంతో పని ఉంది. దక్షిణాది రేవులు మూతపడి ఇంగ్లండ్ మిల్లులకు పత్తి అందకపోతే కాకినాడ రేవు నుంచి మన పత్తికి గిరాకీ పెరిగింది. యుద్ధం అవగానే ఆ ధరలు పడిపోయాయి. ఇది మా పుస్తకంలో లేదు, ఉండాలని కోరడం లేదు, కానీ తెలిశాక ఆ చాప్టర్ పరాయిదిగా అనిపించలేదు.)

రెండో కోర్సులోనూ ఇంతే. 1923 ఫిబ్రవరిలో వచ్చిన భగత్ సింగ్ థింద్ తీర్పు మా కోర్సులో ఒక్క వాక్యం. పంజాబ్ నుంచి వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. 1790 నాటి చట్టం నుంచి, బయటి నుంచి వచ్చినవాళ్లలో పౌరసత్వం తెల్లవాళ్లకే, అంతర్యుద్ధం తర్వాత ఆఫ్రికా సంతతివాళ్లకు కూడా. ఆయన నేను ఆర్యుణ్ణి, కాకేసియన్‌ని, కాబట్టి చట్టం ప్రకారం తెల్లవాడినే అని వాదించారు. మామూలు మనిషి తెల్లవాడు అన్నప్పుడు నీలాంటివాణ్ణి అనుకోడు అని కోర్టు కొట్టేసింది. ఆ తీర్పు రాసిన జార్జ్ సదర్లాండ్ స్వయంగా ఇంగ్లండ్‌లో పుట్టి చిన్నప్పుడు వలస వచ్చినవాడే. తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల దగ్గర కూడా దాన్ని లాక్కున్నారు. అలా పోగొట్టుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణోదాస్ బాగాయ్ 1928లో ప్రాణం తీసుకున్నారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో చదువుకున్న రోజులు కూడా ఇవే, అంతటి శాస్త్రవేత్త అయినా 1946లో చట్టం మారేదాకా ఆయనకు ఇక్కడ పౌరసత్వం దొరికే దారి లేదు.

మనవాళ్లకు జరిగిన అన్యాయం కాబట్టి ఈ కథ చెప్పుకోవడం మనకు ఇష్టం. కానీ థింద్ తరఫు వాదనలో ఒక భాగం ఉంది, అది చదివి నేను లాప్‌టాప్ మూసేశాను. పెళ్లి విషయంలో ఇండియాలో అగ్రకులం వాడు అక్కడి ఆదివాసుల్ని ఎలా చూస్తాడో, అమెరికా తెల్లవాడు నల్లవాణ్ణి అలాగే చూస్తాడు, కాబట్టి మేమూ మీలాంటివాళ్లమే అని. అంటే మా కులం పట్టింపే మా తెల్లదనానికి రుజువు అని కోర్టుకు చెప్పుకోవడం. అదే దేశం నుంచి 50 ఏళ్ల ముందు, 1873లో, జోతిబా ఫూలే తన పుస్తకాన్ని బానిసల విముక్తికి పాటుపడ్డ అమెరికన్లకు అంకితం ఇచ్చి, మా శూద్రులకు కూడా అలాంటి విముక్తి రావాలని కోరుకున్నారు. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి 18 ఏళ్ల తెలుగు పిల్లల చేత చదివిస్తే డిస్కషన్ బోర్డులో "మీతో ఏకీభవిస్తున్నాను" అని ఎవరూ రాయరు. ఇంట్లో అమ్మానాన్నల్ని అడుగుతారు. అడగాలి కూడా.

ఆన్‌లైన్ కోర్సుకు ఇక్కడే పెద్ద వీలుంది, దాన్నే వాడుకోవట్లేదు. ఆ తీర్పులు, గ్రేంజర్ ఉత్తర్వు, పాత పత్రికలు అన్నీ నేషనల్ ఆర్కైవ్స్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లలో ఉచితంగా ఉన్నాయి. 1936–38 మధ్య, బానిసలుగా పుట్టి బతికి ఉన్న ముసలివాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్న 2,300కు పైగా కథనాలు ఉన్నాయి, టెక్సాస్‌లో చెప్పినవీ ఉన్నాయి. అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, చెప్పేవాళ్లు వాళ్ల ముందు ఎంత దాచుకుని ఉంటారో ఆలోచించడమే ఒక వారం పాఠం అవుతుంది. పుస్తకం కూడా కొనక్కర్లేదు, హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ ఓపెన్‌స్టాక్స్ పేరుతో ఉచితంగా ఇస్తోంది. తరగతి గదిలో ఒక లైబ్రరీని తెచ్చి పెట్టలేం, ఇక్కడ ఒక్క క్లిక్కు. కాలేజీలు చాప్టర్లు సగానికి తగ్గించి వారానికి ఒక కాగితం చదివించి, రెండు నిమిషాలు నోటితో చెప్పి రికార్డు చేసి పంపమన్నా చాలా మారుతుంది. ఐదు వారాల కోర్సు ఖర్చు, తీరిక చూసుకునే కుటుంబాలకు అవసరమే, తీసేయమనను. కానీ రీకన్‌స్ట్రక్షన్‌ని ఆఖరి రెండు రోజుల్లో పెట్టొద్దు. కావాలంటే అక్కడే మొదలుపెట్టి వెనక్కి చెప్పుకుంటూ రావొచ్చు. వేరే దారి ఉన్నవాళ్లు మాత్రం పిల్లల్ని 16 వారాల కోర్సులోనే చేర్పించండి.

మా అబ్బాయి ఇప్పుడు డ్యూయల్ క్రెడిట్‌లో అదే 1301 చదువుతున్నాడు. మొన్న ఒక రాత్రి ఇద్దరం కూర్చుని గ్రేంజర్ ఉత్తర్వు చదివాం. అంతా విని, "మరి కూలి ఇవ్వకపోతే వాళ్లు ఎవరికి చెప్పుకోవాలమ్మా?" అన్నాడు. ఉత్తర్వులో ఆ సంగతి లేదు. వెతికితే విడుదలైన బానిసల కోసం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అనే ప్రభుత్వ ఆఫీసు రికార్డులు దొరికాయి, చేతిరాతతో ఉన్న కూలి ఒప్పందాలు, ఫిర్యాదుల పుస్తకాలు. సిరా వెలిసిపోయి అక్షరాలు పోల్చుకోవడమే కష్టంగా ఉంది, వాడు స్క్రీన్ మీద పెద్దది చేసి వేలితో ఒక్కో మాట చదువుతున్నాడు. కింద భూస్వామి సంతకం ఉంది. కూలీల పేర్లు ఇంకెవరో రాసి పెట్టారు, ఒక్కో పేరు పక్కన ఒక ఇంటూ గుర్తు. ఇదేంటమ్మా అని అడిగితే, మా ఊళ్లో ప్రామిసరీ నోటు మీద మా తాతయ్య వేసిన వేలిముద్ర సంగతి చెప్పాను.