ఆ సార్‌కి నేను వేసిన రెండు మార్కులు

మొన్న మన తెలుగు సంఘం వినాయక చవితి భోజనాల దగ్గర నేను పులిహోర వడ్డిస్తుంటే ఒక పిల్ల పక్కకు పిలిచి, "అక్కా, మీరూ మా కాలేజీయే కదా, నాకు మైక్రో ఎకనామిక్స్‌కి ఆ సార్ సెక్షన్ వచ్చింది, అందరూ మార్పించుకోమంటున్నారు, ఏం చేయను?" అని అడిగింది. ఆ సార్ ఎవరో నేను అడగలేదు. బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఉండే మన పిల్లల్లో ఆయన పేరు సీనియర్లు జూనియర్లకు అప్పజెప్పి పోయే ఆస్తి లాంటిది.

నాది మదనపల్లె, ఇంటర్‌లో ఎంపీసీ. లెక్కలొచ్చినదాన్ని, ఎకనామిక్స్ నాకొక లెక్కా అనుకుని చేరాను. మొదటి ఇంటర్నల్‌లో 30కి 9 వచ్చాయి. జవాబులన్నీ కరెక్టే. పక్కన ఎర్ర ఇంకుతో నాలుగు చోట్ల "సో వాట్?" అని రాసి ఉంది. ఒళ్లు మండిపోయి పేపర్ పట్టుకుని ఆయన గదికి వెళ్లాను.

లెక్క ఇది. రెండు వస్తువులు, ధరలు 2 రూపాయలు, 5 రూపాయలు, చేతిలో 100 రూపాయలు, రెండు వస్తువుల పరిమాణాలను హెచ్చవేస్తే వచ్చేది తృప్తి. ఉన్న డబ్బుతో తృప్తి వీలైనంత ఎక్కువ రావాలంటే ఏది ఎంత కొనాలి? పరిమితి ఉన్నప్పుడు వాడే లగ్రాంజ్ పద్ధతిలో చేస్తే మొదటిది 25, రెండోది 10, తృప్తి 250, లాంబ్డా అనే గుర్తు విలువ 5. ఇవన్నీ రాశాను. "లాంబ్డా 5 అంటే ఏంటి?" అన్నారు. డెరివేటివ్ తీస్తే వచ్చింది సార్ అన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు, పేపర్ వెనక్కి తిప్పి "జేబులో ఇంకో రూపాయి ఉందనుకో, మళ్లీ చెయ్" అన్నారు. 101 రూపాయలతో చేస్తే 25.25, 10.1, హెచ్చవేస్తే 255.025. అంటే ఒక్క రూపాయి పెరిగితే తృప్తి దాదాపు 5 పెరిగింది. అదీ లాంబ్డా. ఇంటర్ రెండేళ్లూ యంత్రంలా లెక్కలు చేసిన నాకు, ఒక గుర్తు వెనకాల మనిషి జేబులో రూపాయి ఉంటుందని ఆ రోజే తెలిసింది.

ఇక పాస్ అవడం అంటారా, అందులో పెద్ద రహస్యమేం లేదు. ప్రతి గ్రాఫూ పుస్తకం మూసి గీయాలి, ఒక్క ధర మార్చి ఏ గీత ఎందుకు కదిలిందో పక్కనున్నవాళ్లకు తెలుగులో చెప్పగలగాలి. ఇంగ్లీషులో అయితే అర్థం కాకపోయినా డెఫినిషన్ అప్పజెప్పి తప్పించుకోవచ్చు, తెలుగులో ఆ వీలు లేదు. పీజీ మేడ మీద రాత్రి పది దాటాక మా ముగ్గురి పని అదే. సాలెగూడు సిద్ధాంతం అయితే నాకు చదవాల్సిన అవసరమే రాలేదు. ఈసారి ధర పలికిందని మా ఊరంతా టమాటా నాటుతుంది, మూడు నెలలకు కాయంతా ఒక్కసారే మండీకి వస్తుంది, కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోస్తారు, తర్వాతిసారి భయపడి ఎవరూ నాటరు, ధర మళ్లీ చెట్టెక్కుతుంది. 1934లో నికొలస్ కాల్డోర్ పెట్టిన పేరట అది, మా నాన్నకు మాత్రం పేరు లేకుండానే తెలుసు. (2023 జులైలో ఇక్కడ కిలో వంద దాటినప్పుడు ఆఫీసులో అందరూ దళారులను తిడుతుంటే, వానలూ తెగుళ్లూ కూడా ఉన్నాయని తెలిసినా, నేను టిష్యూ మీద సాలెగూడు గీస్తూ కూర్చున్నాను.)

సరే, ఆయన మంచి మాస్టారేనా? పరీక్షలకు వారం ముందు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు, ఐదుకి ఎంత అని. నేను రెండు వేశాను. ఆ వారంలో నేను కొలిచింది ఆయన చదువు చెప్పే తీరును కాదు, నా టెన్షన్‌ని. అమెరికా వైమానిక దళ అకాడమీ మీద స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ అనే ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. అక్కడ ఎవరు ఏ సెక్షన్‌లో పడాలో చీటీలు తీసినట్టే ఉంటుంది, పరీక్ష అందరికీ ఒకటే. ఏ టీచర్ల దగ్గర అప్పటికప్పుడు మార్కులు బాగా వచ్చాయో వాళ్లకే విద్యార్థుల రేటింగ్ కూడా ఎక్కువ, కానీ ఆ పిల్లలే తర్వాతి పై కోర్సుల్లో వెనకబడ్డారు. నా రెండు మార్కులు కూడా ఆ లెక్కలోవే.

అలాగని ఆయన్ని దేవుణ్ని చేయను. మనవాళ్లకో జబ్బుంది, బాగా ఏడిపించిన మాస్టారే గొప్ప మాస్టారు అని ఇరవై ఏళ్ల తర్వాత చెప్పుకోవడం. ఐదు నిమిషాలు లేటైతే తలుపు వేసేసేవారు, సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ దాటి రావాల్సిన పిల్లలకు ఐదు నిమిషాలు ఏ మూలకి? ఇంకో సంగతి నేను మర్చిపోలేను. ఇంటర్‌లో లెక్కలు లేని సీఈసీ చేసి, తెలుగు మీడియం నుంచి వచ్చిన ఒక అమ్మాయి పాక్షిక అవకలనం (పార్షియల్ డెరివేటివ్) గురించి అడిగితే "ఇది స్కూల్ పిల్లల డౌటు" అన్నారు క్లాసందరి ముందు. ఆ అమ్మాయి మళ్లీ చెయ్యెత్తలేదు, సెమిస్టర్ మధ్యలో వేరే సబ్జెక్టుకి మారిపోయింది. తన గదిలో నా మీద చూపించినంత ఓపిక ఆ క్లాసులో చూపించి ఉంటే ఆ పిల్ల కూడా 255.025 దాకా వచ్చేదే. పేపర్ కష్టంగా ఇవ్వడం ఆయన హక్కు, అడిగినవాళ్ల నోరు మూయించడం కాదు. వారం లోపు పేపర్లు దిద్ది, మార్కు ఎందుకు పోయిందో రాసి ఇవ్వడానికి నేను ఐదుకి ఐదూ వేస్తాను, ఆ ఒక్క మాటకి సున్నా. ఈ రెండింటికీ సగటు తీసి ఒకే అంకె రాయమంటే నా వల్ల కాదు, ఫారంలో ఉన్నది ఒకటే గడి.

ఆ పిల్లకి ఇదంతా చెప్పాను, పులిహోర చల్లారిపోయింది. సెక్షన్ మార్చుకోలేదు. నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "అక్కా, తలుపు నిజంగానే వేసేశారు" అంది.