సంతకం ఆమెది, లెక్క ఎవరిది?

మా చిన్నమ్మది హనుమకొండకు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. ఇరవై ఏళ్లుగా పొదుపు సంఘంలో ఉంది, రెండుసార్లు లీడర్‌గా కూడా చేసింది. దసరాకు వెళ్లినప్పుడు సంఘం అప్పు ఇంకా ఎంత ఉందని మాటల్లో అడిగితే, లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టిన పాస్‌బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. చివరి ఎంట్రీ పడి ఏడాదిన్నర అయింది. కిస్తీ మాత్రం ఒక్క నెల తప్పలేదు. మరి ఎంత తీరింది, ఇంకెంత ఉంది, వడ్డీ ఎంత పడింది అంటే, "సంతకం పెట్టుమంటే పెట్టిన బిడ్డా, అండ్ల ఏమున్నదో నాకేమెరుక" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే మా చిన్నమ్మకు లెక్క రాక కాదు. నాట్లకు ఎంతమంది వచ్చారు, ఎవరికి ఎన్ని కూలీలు బాకీ ఉన్నాయి, చీటీ ఎత్తినవాళ్లు ఎవరు, ఇవన్నీ కాగితం ముట్టకుండా నోటితో చెబుతుంది. అంగట్లో బేరమాడితే రూపాయి పోనివ్వదు. ఆ పాస్‌బుక్కు, ఆ తీర్మానాల పుస్తకం మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ ఆమె ముందు తెరిచి చదివి వినిపించలేదు.

మహిళా సాధికారత అనగానే ఎన్ని సంఘాలున్నాయి, ఎన్ని కోట్ల రుణాలు ఇచ్చారు, ఎన్ని కుట్టుమిషన్లు పంచారు అనే అంకెలే ముందుకొస్తాయి. అవి అవసరం లేదని నేను అనను. వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కాల్సిన పని తప్పించిందే ఈ సంఘాలు, మా ఇంట్లోనే ఇద్దరు పిల్లల ఫీజులు ఆ అప్పుతోనే కట్టారు. కానీ ఎవరి పేరు మీద పని నడుస్తోందో వాళ్లు లెక్క చూడగలుగుతున్నారా, తేడా ఉంటే ఆగండి అనగలుగుతున్నారా అని ఎవరూ కొలవడం లేదు. నాకు అసలు కొలత అదే అనిపిస్తుంది.

సంఘాలకు మొదటినుంచీ పంచసూత్రాలని ఉన్నాయి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, సభ్యుల మధ్య అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు రాయడం. అయిదోది ఊరికే పెట్టలేదు. మొదట్లో సంఘంలో కాస్త చదువుకున్న అమ్మాయే పుస్తకం రాసేది, అందరూ చుట్టూ కూర్చునేవాళ్లు, ఎవరు ఎంత కట్టారో పైకి చదివేవాళ్లు. ఇప్పుడు చాలా ఊళ్లలో పుస్తకాలన్నీ వీఓఏ, అంటే గ్రామ సంఘం సహాయకురాలి దగ్గరుంటాయి, వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కుతాయి, సభ్యులకు మిగిలింది సంతకం ఒక్కటే. వీఓఏను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చాలీచాలని గౌరవ వేతనంతో ఊరి సంఘాలన్నీ మోస్తున్నది ఆమే. కానీ ఒక్క మనిషికే తెలిసిన లెక్క మీద పదిమంది నమ్మకం ఆధారపడితే, ఆ మనిషి ఎంత మంచిదైనా మిగతావాళ్ల చేతిలో ఏమీ లేనట్టే.

మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రాల సంగతి చూడండి. వాటినే ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) కేంద్రాలంటారు. కోతల కాలంలో హుజూరాబాద్ నుంచి పరకాల దాకా ఏ రోడ్డు మీద పోయినా కల్లాలు, టార్పాలిన్లు, ఐకేపీ కేంద్రం అని బోర్డు, బోర్డు మీద మహిళా సంఘం పేరు కనిపిస్తాయి. తేమ 17 శాతం దాటకుండా చూడాలి, గన్నీ సంచులు తెప్పించాలి, కాంటా పెట్టించాలి, హమాలీలకు చెప్పుకోవాలి, లారీ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేయాలి, మబ్బు పడితే రాత్రంతా టెన్షన్. దీనికి సంఘానికి క్వింటాల్ లెక్కన కమీషన్ వస్తుంది. మంచిదే. అయితే లారీ మిల్లుకు చేరాక తాలు ఉందనో తడిసిందనో కోత పెడితే, ఆ కోత ఎంతో తేల్చే చోట ఈ ఆడవాళ్లు ఉండరు. బస్తాకు ఎన్ని కిలోల తరుగు తీశారని రైతు వచ్చి నిలదీసేది మాత్రం వీళ్లనే. కష్టం, పేరు, తిట్లు అన్నీ వీళ్లవే అయినప్పుడు తరుగు మాట్లాడే కుర్చీ కూడా వీళ్లకే ఉండాలి కదా?

పంచాయతీలోనూ ఇంతే. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది, స్థానాల్లో సగం ఆడవాళ్లవి, రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని అందులోనే ఉంది. గెలిచింది ఆమె, కానీ ఊళ్లో సర్పంచ్ సాబ్ అని పిలిచేది ఆమె భర్తను. ఫ్లెక్సీ మీద ఆయన ఫొటోనే పెద్దది. చెక్కు మీద సంతకం కావాల్సినప్పుడు పుస్తకం వంటింటి దాకా వస్తుంది, గ్రామసభకు మాత్రం ఆమె రాదు. ఆమెకు తెలివి లేదనుకోవడం పొరపాటు. ఆ సంతకంతో ఏ బిల్లు పాసయిందో, ఆ డబ్బు ఏ పద్దు కింద వచ్చిందో ఆమెతో కూర్చుని చెప్పినవాళ్లు లేరు, అంతే. బడి కమిటీల్లోనూ చదువు హక్కు చట్టం ప్రకారం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు. తీర్మానాల పుస్తకం ఇల్లిల్లూ తిప్పి సంతకాలు పట్టుకుపోవడం నేను కళ్లారా చూశాను.

ఇలా కాకుండా నడవదా అంటే, నడుస్తుందని చూపించిన ఊరు మన దగ్గరే ఉంది. భీమదేవరపల్లి మండలం ముల్కనూరు. 1956లో ఏకే విశ్వనాథరెడ్డి అక్కడ రైతులతో సహకార సంఘం పెట్టారు. అప్పులివ్వడంతో ఆగకుండా విత్తన వడ్లు, రైస్ మిల్లు, పత్తి జిన్నింగ్ దాకా వెళ్లింది. బలమైన నాయకుడు దొరికాడు కాబట్టి నడిచింది, అన్ని ఊళ్లకూ అలాంటివాళ్లు దొరుకుతారా అంటారు కొందరు. అందులో నిజం లేకపోలేదు. అందుకే నాకు అక్కడి పాల డెయిరీ ఇంకా ముఖ్యమనిపిస్తుంది. 1990 తర్వాత సహవికాస సంస్థ సాయంతో ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు పొదుపు సహకార సంఘాలు కట్టుకున్నారు. నెలనెలా కొద్దికొద్దిగా వేసుకుంటూ పదేళ్లపాటు డబ్బు లెక్క నేర్చుకున్నారు. ఆ అనుభవం మీద డెయిరీ కట్టారు. స్వకృషి పేరుతో ఆ పాలు ఇవాళ వరంగల్, కరీంనగర్ ఇళ్లకు వస్తున్నాయి. సభ్యులు ఆడవాళ్లే, పాలకవర్గమూ ఆడవాళ్లే.

ఈ డెయిరీ వెనుక ఒక చట్టం కూడా ఉంది. 1964 సహకార చట్టం కింద ఉన్న సంఘాల్లో ప్రభుత్వం చెయ్యి ఎక్కువ. ఎన్నికలు వాయిదా వేయొచ్చు, అధికారిని కూర్చోబెట్టొచ్చు. ఈ డెయిరీ నడిచేది 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద. అందులో ప్రభుత్వ వాటా ఉండదు, ఎన్నికలు సభ్యులే పెట్టుకుంటారు, నష్టం వస్తే కూడా వాళ్లదే. సొమ్ము తనదైతే మనిషి లెక్క అడుగుతుంది. పైనుంచి వచ్చిన సొమ్మయితే, ఇచ్చినవాళ్లు ఏమనుకుంటారో అని నోరు మెదపదు. మన పొదుపు సంఘాల్లో పొదుపు వాళ్లదే, ఆ సంగతి వాళ్లకు ఎవరూ గుర్తుచేయడం లేదు.

చదువు రాకపోతే లెక్క ఎలా చూస్తారని అడగొచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ ఆడవాళ్లలో అక్షరాస్యత 57.99 శాతమే, ఊళ్లలో ఇంకా తక్కువ. కానీ చదవడం వేరు, వినడం వేరు. ఏ సమావేశంలో అయినా సంతకాల ముందు కాగితం మొత్తం పైకి చదవాలి, మన భాషలో, అర్థమయ్యేలా. చదవకపోతే సంతకం లేదు. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. పదో తరగతి చదివే పిల్లలున్న ఇల్లు ప్రతి వాడకట్టులోనూ ఉంది, వాళ్ల చేత చదివించినా చాలు.

ఇంకోటి కూడా చెప్పాలి. 2023 డిసెంబర్ 9న మొదలైన ఉచిత బస్సును ఖర్చు కోణంలోనే చూసి వాదించుకుంటున్నారు. మా చిన్నమ్మకు అది వేరే పనికొచ్చింది. ఇదివరకు మండల కేంద్రంలోని బ్యాంకుకు పోవాలంటే బాబాయి బండి మీద వెనక కూర్చుని పోయేది, మాట్లాడేది బాబాయే. నేను వచ్చేశాక రెండు వారాలకు, సంఘంలోని ఇద్దరితో కలిసి తనే బస్సెక్కి పోయిందట. కౌంటర్ దగ్గర మిషన్ పాడైంది, రేపు రమ్మన్నారు. మర్నాడు మళ్లీ పోయారు. ఎంట్రీలు వేయించుకుని, బయట చెట్టు కింద కూర్చుని, డిగ్రీ చదివే ఒక అమ్మాయిని ఆపి వరుసగా చదివించుకున్నారు. రెండు చోట్ల డబ్బు దేనికి పట్టుకున్నారో అర్థం కాలేదు. సాయంత్రం నాకు ఫోన్ చేసి, "అది దేనికి పట్టిన్రో రాసియ్యమని రేపు పోయి అడుగుతం" అంది.