ఐదు కిలోమీటర్ల లెక్క

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇల్లు కొనేటప్పుడు మన తెలుగువాళ్లు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఒకటే. ఫేసింగ్ ఏంటి, బ్లాక్ (స్థలం) ఎన్ని స్క్వేర్ మీటర్లు, బెడ్‌రూములు నాలుగా ఐదా, మీడియా రూమ్ ఉందా, స్పైస్ కిచెన్ (ఘాటు వంటలకు రెండో వంటగది) వస్తుందా. అన్నీ గోడల లోపలి సంగతులే. గడప దాటి నడిస్తే ఏముందని అడిగేవాళ్లు చాలా తక్కువ. మెల్‌బోర్న్‌లో ఆరు కోవిడ్ లాక్‌డౌన్లు, మొత్తం 262 రోజులు గడిపాక కూడా ఈ తీరు మారకపోవడం నాకు బాధగా ఉంది.

2020 జూలై 1న ముందు పది పోస్ట్‌కోడ్లు (పిన్‌కోడ్ ప్రాంతాలు) మూసేశారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే క్రెయిగీబర్న్, మికిల్‌హామ్ ఉన్న 3064 అందులో ఒకటి. ఆగస్టు 2 నుంచి నగరమంతా స్టేజ్ 4, అంటే అన్నిటికన్నా కఠినమైన లాక్‌డౌన్. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారి ఐదు దాకా కర్ఫ్యూ. సరుకులకు ఇంటికొకరు, అదీ రోజుకొకసారి. నడకకు ఒక గంట. అన్నీ ఇంటి నుంచి ఐదు కిలోమీటర్ల లోపలే.

అప్పుడు అందరం మ్యాప్ తెరిచి మన ఇంటి చుట్టూ గీత గీసుకున్నాం. సిటీ సెంటర్ పక్కనే కార్ల్‌టన్‌లో ఉన్న మిత్రుడి గీతలో పార్కులు, యారా నది, మార్కెట్, ఆసుపత్రులు అన్నీ పడ్డాయి. ఊరి చివరి మా ట్రుగనీనా గీతలో గోడౌన్లు, ఫ్రీవే, ఇంకా ఇళ్లు రాని పొలాలు. నిబంధన ఇద్దరికీ ఒకటే, కానీ దాని లోపల బతుకులు ఒకటి కావు.

మా వీధిలో ఒక ఇంటికి గుంటూరు నుంచి అమ్మానాన్నలు వచ్చారు. మనవడి పుట్టినరోజు చూసి వెళ్లిపోదామనుకున్నవాళ్లు విమానాలు ఆగిపోయి చిక్కుబడ్డారు. పెద్దాయన రోజూ సాయంత్రం మాస్కు పెట్టుకుని నడకకు బయల్దేరేవారు. ఫుట్‌పాత్ కొంతదూరం పోయి, కంకర కుప్పల దగ్గర తాత్కాలిక కంచె ముందు ఆగిపోయేది. ఆ ఎస్టేట్ మొత్తంలో కూర్చోవడానికి ఒక్క బెంచీ లేదు. మోకాళ్లు నొప్పి పుడితే ఎవరింటి ముందో అరడుగు గోడ మీద కాసేపు కూర్చుని, మళ్లీ లేచి అదే దారిన వెనక్కి వచ్చేవారు. వాళ్లబ్బాయి ఇంట్లో నాలుగు బెడ్‌రూములు, రెండు హాళ్లు ఉన్నాయి. ఆయనకు కావాల్సింది మాత్రం ఒక చెట్టు నీడ, పక్కన మాట్లాడే ఓ మనిషి.

ఇళ్ల మార్కెట్ సంగతి చూస్తే ఆ రోజుల్లోనే ఊరి చివరికి పరుగు ఇంకా పెరిగింది. స్టేజ్ 4లో ఇల్లు నేరుగా చూడటానికి వీల్లేదు, వేలాలు ఆన్‌లైన్‌లోనే. కొత్త ఇల్లు కట్టుకుంటే హోమ్‌బిల్డర్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 25,000 డాలర్లు ఇచ్చారు. అది సిటిజన్లకే, పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) మీద ఉన్నవాళ్లకు రాలేదు. అయినా అమ్మే ఆఫీసుల హడావిడి అందరినీ లాక్కుపోయింది. 2020 నవంబరులో ఆస్ట్రేలియా రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు 0.10 శాతానికి దిగింది. రెండు శాతం చుట్టుపక్కల, కొన్నేళ్లు వడ్డీ మారని ఫిక్స్‌డ్ లోన్లు దొరికాయి. ఇల్లంటే ఇంట్లోనే ఉండటం అనే రోజులు కాబట్టి పెద్దది కావాలనిపించింది, ఇంకో గది ఆఫీసుకు, ఇంకోటి పిల్లల ఆన్‌లైన్ క్లాసుకు. ఆ కోరికను నేను తప్పు పట్టను. వంటగది గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, పక్కన కుక్కర్ కూస్తుంటే మీటింగులు చేసినవాళ్లకు అదనపు గది విలువ తెలుసు.

తర్వాత ఏమైంది? 2024 దాకా రేట్లు పెరగకపోవచ్చన్న రిజర్వు బ్యాంకు మాట నమ్మి ఎందరో పెద్ద అప్పులు చేశారు. 2022 మే నుంచి రేట్లు ఎక్కడం మొదలైంది. ఆ మాట నమ్మినవాళ్లకు అప్పటి గవర్నర్ ఫిలిప్ లో (Lowe) 2022 నవంబరులో సారీ కూడా చెప్పారు. 2023 నవంబరుకు రేటు 4.35 శాతం. ఫిక్స్‌డ్ గడువు అయిపోగానే నెల కిస్తీ చూసి గుండె ఆగినంత పనైన కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ రెండేసి గంటలు రోడ్డు మీదే గడిపి సంపాదించేది ఎక్కువ భాగం ఆ గదులకే పోతోంది.

ఇంకో మాట. మన తెలుగు అసోసియేషన్‌లో మాట్లాడేవాళ్లలో సొంతింటివాళ్లే ఎక్కువ. అద్దె గదుల్లో ఉన్న పిల్లల గురించి చెప్పేవాళ్లు లేరు. 2020లో ఒక ఇంట్లో ఏడుగురు స్టూడెంట్లు ఉండేవాళ్లు, హాల్లో దుప్పటి అడ్డం కట్టి దాన్నీ ఒక గది చేశారు. అందులో ఒకబ్బాయి గోడౌన్‌లో నైట్ షిఫ్ట్. పగలు పడుకుందామంటే మిగతావాళ్ల క్లాసులు. "అన్నా, ఇల్లుంది గానీ నిద్రపోయే చోటు లేదు" అన్నాడు. టెంపరరీ వీసా కాబట్టి జాబ్‌కీపర్ (కోవిడ్‌లో జీతాలకు ప్రభుత్వం ఇచ్చిన సాయం) రాలేదు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2020 మార్చి 29 నుంచి ఏడాది పాటు, చాలా సందర్భాల్లో, అద్దె బాకీ ఉందని ఖాళీ చేయించడానికి వీల్లేదని తెలిసినా, చేతిలో అగ్రిమెంట్ కాగితం లేనివాడికి ఆ ధైర్యం ఎక్కడిది? అద్దెకిచ్చింది మనవాడే. మాట మీద ఇచ్చాడు, మాట మీదే ఖాళీ చేయమన్నాడు. మనవాళ్లే కదా అన్న చనువుతో కాగితం లేకుండా గదులిచ్చే అలవాటు ఇకనైనా మానాలి.

సిటీ దగ్గర కొనే స్తోమత అందరికీ లేదు, అది నిజం. అందుకే నేను చెప్పేది రెండు ముక్కలు. కొనబోయేవాళ్లు ఒక బెడ్‌రూమ్ తగ్గించుకునైనా సరే స్టేషన్‌కో, స్కూలుకో, దుకాణాలకో నడిచి వెళ్లే చోటు చూడండి. శివారులోని పాయింట్ కుక్ పేరుతో ఇప్పటికీ స్టేషన్ లేదు, దగ్గరలోది విలియమ్స్ ల్యాండింగ్. వాలర్ట్‌కు రైలే లేదు. బ్రోషర్‌లో చుక్కల గీతతో చూపించిన స్టేషన్‌ను నమ్మి సంతకం పెట్టొద్దు.

ఇప్పటికే కొనేసినవాళ్ల కోసం పని చేయాల్సింది మన అసోసియేషన్. ఉగాదికి హాలు బుక్ చేయడంలో, దీపావళికి స్పాన్సర్లను పట్టుకోవడంలో మనకున్న ఓపిక అసాధారణం. అందులో కొంచెం కౌన్సిల్ (స్థానిక మున్సిపాలిటీ) వైపు మళ్లిద్దాం. కౌన్సిళ్లు ఏటా బడ్జెట్ ముసాయిదా మీద జనం అభిప్రాయం అడుగుతాయి. అక్కడ మన గొంతు దాదాపు వినిపించదు. విండమ్, మెల్టన్, హ్యూమ్, విటిల్‌సీ, ఈ నాలుగు కౌన్సిళ్లకు ఒక్కోదానికి ఇద్దరు చొప్పున సభ్యులు ముందుకు రావాలి. ఫుట్‌పాత్ ఎక్కడ ఆగింది, బస్సు ఎన్ని గంటలకు ఆఖరు, పెద్దవాళ్లు కూర్చునే చోటు ఎక్కడ లేదు అని తమ వీధులు తిరిగి రాసుకొస్తే, ఆ కాగితాలు పట్టుకుని కౌన్సిల్‌కు వెళ్లేవాళ్లలో నేనూ ఉంటాను. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ విషయం చేర్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. అద్దె గదుల్లో ఉండే పిల్లలను కూడా ఆ సమావేశానికి పిలవండి, సభ్యత్వ రుసుము అడగకుండా.