ఇనుముకు నింద, ఉక్కుకు బిరుదు

"ఏమండీ, ఐరన్ అయిపోయిందా?" అని లోపలి గదిలోంచి మా ఆవిడ అడిగింది. "చొక్కా అయింది, ప్యాంటు ఉంది" అన్నాను. అటు నుంచి జవాబు లేదు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టేనని అనుకోవడం నాకు అలవాటు. అందుకని ప్యాంటు మీద నీళ్ళు చిలకరించి, ఆ మాట గురించి తీరిగ్గా ఆలోచనలో పడ్డాను.

ముందు చేతిలో ఉన్న దాని సంగతి. పేరు ఐరన్ బాక్స్. తిరగేసి చూస్తే అడుగు అల్యూమినియం, దాని మీద అంటుకోకుండా ఓ పూత, పైనంతా ప్లాస్టిక్. నాలుగు స్క్రూలున్నాయి గానీ అవీ స్టీలువే. పని వేరేవాళ్ళది, పేరు ఇనుముది. గోల్ఫ్ ఆడేవాళ్ళు ఐరన్లు అని పిలుచుకునే కర్రల తలలు కూడా ఇప్పుడు ఎక్కువగా స్టీలువేనట. సరే, గోల్ఫ్ మనకెందుకు. ఇనుము ఉత్తపుణ్యాన పేరు కొట్టేసిన సందర్భాలు ఈ రెండే. మిగతా లెక్కంతా బాకీయే.

మన భాష సంగతే చూడండి. సంకల్పం ఉక్కుది, నరాలు ఉక్కువి, పిడికిలి ఉక్కుది. సంకెళ్ళు మాత్రం ఇనుపవి. 1976లో సోవియట్ సైనిక పత్రిక ఒకటి బ్రిటన్ నాయకురాలు మార్గరెట్ థాచర్‌ను వెక్కిరిస్తూ 'ఐరన్ లేడీ' అంది. ఆవిడ ఆ వెక్కిరింతనే బిరుదుగా తగిలించుకుంది. తెలుగులోకి వచ్చేసరికి ఆవిడ ఉక్కు మహిళ అయింది. పటేల్‌ను హిందీవాళ్ళు లౌహ్ పురుష్ అంటారు, అంటే ఇనుప మనిషి. మనం ఆయనకూ ఉక్కు మనిషిగా ప్రమోషన్ ఇచ్చాం. (182 మీటర్ల ఆయన విగ్రహానికి పైతొడుగు కంచుది. ఆ గొడవలోకి నేను దిగను.) అదే 1946లో చర్చిల్ ఐరోపాకు అడ్డంగా తెర పడిందన్నప్పుడు మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు 'ఇనుప తెర' అనే ఉంచాం. చెడ్డ సరుకైతే అనువాదంలో మనంత నిజాయితీపరులు ఉండరు.

ఇంతకీ ఈ ఉక్కుగారు ఎవరు? ఇనుమే. అందులో 2 శాతం లోపు కార్బన్ ఉంటే ఉక్కు. అది దాటితే పోత ఇనుము, సుత్తితో కొడితే పగులుతుంది. చాకిరీ తొంభై ఎనిమిది పాళ్ళు ఇనుముది, బిరుదు మాత్రం ఆ చిటికెడు బొగ్గు చలవ. ఏ ఆఫీసులోనైనా పదేళ్ళు పనిచేసినవాడికి ఈ రసాయన శాస్త్రం విడిగా చెప్పక్కర్లేదు. ఈ కిటుకు జుగాష్‌విలి అనే ఆయనకు మొదట్లోనే తెలిసింది. పేరు మార్చుకునేటప్పుడు రష్యన్‌లో ఉక్కు అనే అర్థం వచ్చేలా స్టాలిన్ అని పెట్టుకున్నాడు.

సామెతల్లోనూ ఇదే వరస. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పోట్లు తప్పవంటారు. కమ్మరి కొట్టేది ఇనుమును. వంగేది, సాగేది, సొట్టపడేది ఇనుము. జాలి మాత్రం నిప్పు మీద. పైగా చెడు సావాసం చేసిన నేరం కూడా ఇనుముదే.

ఇక కాళ్ళ సంగతి. ప్రభుత్వాలు మోపితే అది ఉక్కుపాదం. మామూలు మనిషి అడుగుపెట్టిన చోట పని చెడితే అది ఐరన్ లెగ్. సినిమా వాళ్ళయితే ఈ శాస్త్రాన్ని బాగా ముందుకు తీసుకెళ్ళారు. రెండు సినిమాలు ఆడకపోతే హీరోయిన్‌ది ఐరన్ లెగ్. కథ రాసినవాడి కాలు, దర్శకుడి కాలు, వరసగా ఆరు ఫ్లాపులిచ్చిన హీరో కాలు ఏ లోహమో ఇంతవరకూ ఎవరూ పరీక్ష చేయించలేదు. మూడో సినిమా ఆడితే అదే కాలు రాత్రికి రాత్రి గోల్డెన్ లెగ్ అవుతుంది. ఇనుమును బంగారం చేయాలని రసవాదులు వందల ఏళ్ళు కొలిమి ముందు కూర్చున్నారు పాపం. ఒక్క హిట్టు చాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

న్యాయంగా మాట్లాడాలంటే, నిజమైన ఐరన్ లెగ్ ఒకటుంది. అది ఆకాశంలో ఉంది. బరువులో సూర్యుడికి ఎనిమిది రెట్లు మించిన నక్షత్రాలు తేలిక మూలకాలను కలిపి బరువైనవి చేసుకుంటూ, ఆ శక్తితో లక్షల ఏళ్ళు వెలుగుతాయి. నడిబొడ్డున ఇనుము చేరిందా, ఆట ముగిసినట్టే. ఇనుమును కలిపితే శక్తి రాదు, ఎదురు ఖర్చవుతుంది. సెకను కూడా పట్టకుండా ఆ నడిభాగం కుప్పకూలి నక్షత్రం పేలిపోతుంది. ఇంత పెద్ద నష్టానికి కారణమైనా దాన్ని ఎవరూ ఐరన్ లెగ్ అనలేదు, సూపర్‌నోవా అని గౌరవంగా పేరు పెట్టారు. నక్షత్రానికి కాళ్ళు లేకపోవడం కలిసొచ్చినట్టుంది.

నక్షత్రాల పేలుళ్ళలో చెదిరిన ఇనుమే మన ఒంట్లోకీ వచ్చింది. పెద్దవాళ్ళ ఒంట్లో మొత్తం 3, 4 గ్రాములు. ఎంతటి ఉక్కు మనిషినైనా కరగదీస్తే ఒక మేకు వస్తుంది. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ను మోసుకెళ్ళేది ఆ మేకే. అది తగ్గితే మెట్లెక్కడమే గగనం, సంకల్పం ఏ లోహందైనా సరే. ప్రపంచంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సుమారు 30 శాతం మందికి రక్తహీనత. దానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఐరన్ లోపం. ఉక్కు మహిళ బిరుదులకు మాత్రం ఎక్కడా లోపం లేదు. నేనూ మా ఆవిడను నలుగురిలో "ఉక్కు మనిషండీ, ఒక్కపూట కూర్చోదు" అని గర్వంగా చెబుతుంటాను.

ప్యాంటు కూడా అయ్యాక ప్లగ్గు తీసి, "ఇప్పుడు పూర్తిగా అయింది" అని కేకేశాను. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. చేతిలో మాత్రల స్ట్రిప్పు. పది గుంటలూ ఖాళీ.

"నేనడిగింది దీని గురించి. ఇంకోటి తెచ్చారా అని. పోయిన నెల్లో చెప్పాను."